ఉమ్మడి పుస్తకములో అత్తయ్య ఎవరు?

పూర్వము మన యిండ్లలో కాగితాలన్నీ ఒక ట్రంకుపెట్టెలో వుండేవి. ఏది ఏ మూలనున్నదో యింటి పెద్దకు తెలుసు. ఇప్పుడు ఒక కొడుకు హోసూరులో, ఒకరు బరంపురంలో, కూతురు షోలాపురంలో. అందుచేత ఆ పెట్టె ఫోనులోనికి వచ్చింది. అందరూ కలసి వ్రాసుకొనుటకు ఎవర్‌నోట్, వన్‌నోట్ వంటి పుస్తకాలున్నవి. వాటిలో ప్రతి కాగితానికీ ట్యాగు, అనగా పేరుచీటీ, తగిలించవచ్చును. చీటీలు నాలుగుంటే కాగితం నాలుగు దారులనూ దొరుకుతుంది.

మేమూ ఇట్టి పుస్తకం పెట్టుకొన్నాము. ఒక రాత్రి మా తల్లిగారిని ఆసుపత్రికి తీసుకొని పోవలసివచ్చింది. ఆమెకొక మందు పడదు. దాని పేరు పుస్తకంలో వున్నదని తెలుసు గాని ఎవరికీ నోటికి రాలేదు. మేము "అమ్మ" అని వెదకాము; లేదు. పిల్లలు "అవ్వ" అని వెదకారు; లేదు. చివరకు యానాంలో పుట్టింట నున్న మా మరదలికి ఫోను చేస్తే, తాను "అత్తయ్య" అని చీటీ వేశానన్నది. ఆ మందు పెనిసిలిన్.

వరుస పిలుపు పిలిచేవారినిబట్టి మారుతుంది. పదిమంది పుస్తకంలో అది చీటీకి పనికిరాదు. మనిషికి పేరే వుండాలి.

తమిళనాట శియాళిలో 1892లో జన్మించిన రంగనాథన్‌గారు 1933లో కోలన్ వర్గీకరణను వెలువరించారు. ఒక విషయాన్ని పలు ముఖాలుగా విడదీసి చూడడం దాని మర్మము. మేమును అట్లే వ్యక్తి, విషయము, స్థలము, సంవత్సరము అని నాలుగు వరుసలు ఏర్పరచుకొన్నాము.

చీటీల జాబితా మొదటి పుటలో వ్రాశాము. అందులో చేర్చనిదే కొత్త చీటీ వేయరాదు. "వైద్యం", "వైద్యము" మనకొకటే గాని యంత్రానికి రెండు. అట్టి జంటలను ఏటేటా ఉగాదికి కలిపివేస్తాము. పిల్లలకు తెలుగు లిపి రాదు గనుక ప్రతి చీటీప్రక్కన తమిళ, ఒడియా లిపులలోనూ వ్రాసివుంచాము. కొన్ని సాధనాలలో చీటీ వేసినవారికే కనిపిస్తుంది. ముందే రెండు ఫోనులలో పరీక్షించుకోవడం మంచిది.

అత్తగారి పేరు వ్రాయుటకు మా మరదలు సంకోచించింది. మా తల్లిగారే నవ్వి, "ప్రాణం మీదికి వచ్చినప్పుడు వరుసెందుకమ్మా? పేరే వ్రాయి" అన్నారు.