మిణుగురు కాంతి – జన్యు మూలాలు

మిణుగురు పురుగు లాంపిరిడే కుటుంబానికి చెందిన పెంకు పురుగు. దాని కాంతికి ఆధారమైన లూసిఫెరేజ్, కొవ్వు ఆమ్లాల జీవక్రియలో పాల్గొనే ఒక ఎంజైమ్ నుండి ఉద్భవించింది. జన్యువు రెట్టింపైనప్పుడు ఒక ప్రతి పాత పనిలోనే కొనసాగగా, రెండవది మార్పులు చెంది, లూసిఫెరిన్‌ను ఆక్సీకరించి వెలుగునివ్వసాగింది.

వెలుగునిచ్చే క్లిక్ బీటిల్ సైతం ఇదే లూసిఫెరిన్‌ను వాడుతుంది. కనుక ఈ గుణం రెండింటికీ ఒకే పూర్వీకుని నుండి సంక్రమించిందనిపించడం సహజం. అయితే 2018లో ప్రచురితమైన పరిశోధనలో రెండు మిణుగురు జాతుల, ఒక క్లిక్ బీటిల్ జాతి జన్యుసముదాయాలను పోల్చగా, ఈ రెండు వంశాలలో కాంతి విడివిడిగా పరిణమించినట్లు ఆధారాలు లభించాయి. ఒక్క లక్షణాన్ని చూసి బంధుత్వం నిర్ణయించరాదనడానికి విద్యార్థులకు ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

తెలిసిన మిణుగురు జాతులన్నింటిలోనూ డింభకాలు వెలుగుతాయి; ప్రౌఢ కీటకాలు మాత్రం కొన్నింటిలో వెలగవు. అందుచేత కాంతి తొలుత డింభక దశలో శత్రువులకు హెచ్చరికగా ఏర్పడి, అనంతరం జతను పిలిచే సంకేతమైందని భావిస్తున్నారు.