హార్డ్‌డిస్కు మొరాయిస్తే.. ముందు నకలు, తర్వాతే మరమ్మతు

* టకటక శబ్దం వస్తే తక్షణం ఆపేయాలి
* సొంత ప్రయోగాలతోనే అసలు నష్టం
* మూడు ప్రతుల సూత్రమే శ్రీరామరక్ష

పెళ్లి ఫొటోలు, దుకాణం జమాఖర్చులు, పిల్లల ధ్రువపత్రాల స్కాన్‌ ప్రతులు, డీటీపీ కేంద్రంలో ఏళ్ల తరబడి కూర్చిన పుస్తకాలు.. ఇవన్నీ ఇప్పుడు కంప్యూటర్‌లోనే ఉంటున్నాయి. వాటికి ఆధారం అరచేతిలో ఇమిడే హార్డ్‌డిస్కు. అది పాడైతే కొత్తది బజారులో దొరుకుతుంది. అందులోని సమాచారం మాత్రం దొరకదు. డిస్కు మొరాయించడం మొదలైన తొలి గంటల్లో తీసుకునే జాగ్రత్తపైనే ఆ సమాచారం దక్కుతుందా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది.

ఎందుకు చెడుతుంది?

హార్డ్‌డిస్కు లోపల అయస్కాంత పూత ఉన్న పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. సమాచారాన్ని చదివే, రాసే హెడ్‌ వాటిని తాకదు. కొన్ని నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. తల వెంట్రుక మందం అంతకు వేల రెట్లు ఎక్కువ. నడుస్తున్న డిస్కుకు గట్టి కుదుపు తగిలితే హెడ్‌ పళ్లేన్ని గీసేస్తుంది. గీత పడిన చోటి సమాచారం ఇక దక్కదు. అధిక వేడి, విద్యుత్‌ హెచ్చుతగ్గులు కూడా డిస్కు ఆయుష్షును హరిస్తాయి.

ముందే సంకేతాలు

ఫైళ్లు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టడం, నకలు తీస్తుండగా మధ్యలో ఆగిపోవడం, కంప్యూటర్‌ తరచూ బిగుసుకుపోవడం తొలి లక్షణాలు. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే ‘స్మార్ట్‌’ వ్యవస్థ కూడా ఉంటుంది. క్రిస్టల్‌ డిస్క్‌ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఆ వివరాలు చూడవచ్చు. అందులో 05, సీ5, సీ6 వరుసలు కీలకం. చెడిపోయి పక్కన పెట్టిన, చదవడానికి వీలుకాని భాగాల లెక్క అక్కడ ఉంటుంది. ఆ అంకె సున్నా దాటి పెరుగుతోందంటే నకలు తీయడంలో జాప్యం తగదు. అయితే కొన్ని డిస్కులు ఏ హెచ్చరికా లేకుండానే ఆగిపోతాయి. అంకెలు బాగున్నాయన్న ధీమా పనికిరాదు.

ఇవి చేయొద్దు

డిస్కులో లోపం కనిపించగానే చాలామంది చెక్‌డిస్క్‌, డీఫ్రాగ్‌ నడుపుతారు. ఇవి డిస్కు మొత్తాన్ని శ్రమపెట్టి, అందులో మార్పులు రాస్తాయి. కొన ఊపిరితో ఉన్న డిస్కు అక్కడితో ఆగిపోవచ్చు. ఫార్మాట్‌ చేయడం, తిరిగి రాబట్టిన ఫైళ్లను అదే డిస్కులో దాచడం అంతకన్నా ప్రమాదం.

టకటకమని శబ్దం వస్తుంటే లోపల యాంత్రిక లోపం ఉన్నట్లు భావించాలి. వెంటనే విద్యుత్‌ ఆపి, డేటా రికవరీ నిపుణులకు అప్పగించడమే మార్గం. మూత విప్పితే లోపలికి చేరే ధూళి కణాలే పళ్లేలను గీసేస్తాయి. ఫ్రీజర్‌లో పెడితే బాగవుతుందన్న మాట నమ్మితే లోపల తేమ చేరుతుంది.

నకలు ఇలా..

శబ్దం లేకుండా నెమ్మదించిన డిస్కు నుంచి వెంటనే మరో డిస్కులోకి నకలు తీయాలి. మళ్లీ సంపాదించలేని ఫొటోలు, లెక్కలు ముందు.. మళ్లీ దొరికే సినిమాలు, ప్రోగ్రాంలు చివరన. సెకనుకు 100 ఎంబీ వేగంతో 500 జీబీ నకలుకు సుమారు గంటన్నర పడుతుంది. పాడవుతున్న డిస్కుకు ఇంకా ఎక్కువే పడుతుంది.

మధ్యలో ఆగిపోతుంటే లినక్స్‌పై నడిచే డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఉపయోగపడుతుంది. ఇది బాగున్న భాగాలను ముందు తీసుకుని, చెడిన చోట్లకు తర్వాత వస్తుంది. ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుని అక్కడి నుంచే కొనసాగిస్తుంది. ఇందులో ఏది పాత డిస్కో, ఏది కొత్తదో ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. తారుమారైతే ఉన్నదీ తుడిచిపెట్టుకుపోతుంది.

కొత్తది అమర్చేటప్పుడు

డెస్క్‌టాప్‌కు 3.5 అంగుళాల డిస్కు, ల్యాప్‌టాప్‌కు 2.5 అంగుళాల డిస్కు సరిపోతాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో సన్నని ఎం.2 ఎస్‌ఎస్‌డీలు వస్తున్నందున కొనేముందు రకం చూసుకోవాలి. 2 టీబీకి మించిన డిస్కును పూర్తిగా వాడుకోవాలంటే జీపీటీ పద్ధతిలో విభజించాలి. బిట్‌లాకర్‌ రక్షణ ఉంటే రికవరీ కీ ముందే రాసిపెట్టుకోవాలి. అది లేకుంటే తీసిన నకలు కూడా తెరుచుకోదు. పాత డిస్కులో చెడిన భాగాలుంటే విండోస్‌ను యథాతథంగా మార్చడం కన్నా కొత్తగా ఎక్కించుకోవడం మేలు.

వారంటీ డిస్కుకే కానీ సమాచారానికి కాదు. ఫైళ్లన్నీ కొత్తదానిలో తెరుచుకుంటున్నాయని నిర్ధారించుకున్నాకే పాతదాన్ని వదులుకోవాలి.

మూడు, రెండు, ఒకటి

ముఖ్యమైన సమాచారం మూడు ప్రతులుగా, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే చోట ఉండాలి. అమెరికా ఫొటోగ్రాఫర్‌ పీటర్‌ క్రోగ్‌ ప్రాచుర్యంలోకి తెచ్చిన సూత్రమిది. బయటి డిస్కును ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించి ఉంచితే వైరస్‌ రెండింటినీ ఒకేసారి కబళిస్తుంది. నకలు పూర్తికాగానే తీసి భద్రపరచాలి. అప్పుడప్పుడు అందులోని ఫైళ్లను తెరిచి చూడాలి.

2011 నుంచి మార్చి 31ని ప్రపంచ బ్యాకప్‌ దినంగా పాటిస్తున్నారు. వ్యాపారులు ఏడాది లెక్కలు ముగించేదీ ఆ రోజే. ఖాతా మూసే ముందు దాని నకలు తీసి మరోచోట దాచుకుంటే, డిస్కు ఎప్పుడు ఆగినా లెక్కలు ఆగవు.