తిరగబడిన అక్షరము

వేసవి సెలవులలో అచ్చుబొమ్మల విద్య నేర్వబూనిన బాలునికి మొదటి పాఠము పరాభవమే. బుక్కపట్నమని తన ఊరిపేరు లినోలియం పలకపై ముచ్చటగా చెక్కి, సిరా పూసి, కాగితము పరచి, చెంచా వెనుకభాగముతో రుద్ది తీసి చూచునప్పటికి అక్షరములన్నియు కుడియెడమలు తారుమారై ఉండును!

రెండవ పాఠము మరింత కఠినము. ఉలి తాకినచోట తెలుపు నిలుచును. తొలగిన ముక్క తిరిగి రాదు. పెన్సిలు గీతను చెరపవచ్చును గాని ఉలిగాటును చెరపలేము.

ఈ నియమము సీమకు క్రొత్తది కాదు. ధర్మవరము చెంత నిమ్మలకుంటలో తోలుబొమ్మల పనివారు మేకతోలున ఉలితో సన్నని రంధ్రములు తొలుతురు. తెరపై బొమ్మల నగలు మెరయుట ఆ రంధ్రముల వెలుగువలననే.

అచ్చుబొమ్మకు ప్రపంచమున క్రొత్త దారి చూపినవారిలో సీమబిడ్డ ఒకడు కలడు. 1925లో చిత్తూరు జిల్లా నందనూరున జన్మించిన కృష్ణారెడ్డి శాంతినికేతనమున చదివి, పారిస్ నగరములోని అటెలియే 17లో లోహఫలకమును శిల్పమువలె చెక్కెను. సాధారణముగా రంగునకొక ఫలకము కావలెను. ఆయన సహచరులతో కలిసి, అవిసెనూనె పాలు మార్చి సిరాల చిక్కదనమును భేదపరచి, మెత్తని, గట్టి రోలర్లతో వేర్వేరు లోతులకు పూసి, ఒక్క ఫలకముననే పలు రంగులను ఒకేసారి అచ్చువేయు విధానమును రూపొందించెను. 1972లో పద్మశ్రీ అందుకొనిన ఆయన 2018లో గతించెను.

ఒక పలక, రెండు ఉలులు, ఒక చెంచా: ఇంతమాత్రము ప్రతి పాఠశాలయు సమకూర్చగలదు. చెరపరాని తప్పును కలుపుకొనియే బొమ్మను నిలబెట్టు నేర్పు ఒక్క వేసవిలో అలవడినచో, అది చిన్న లాభమా?