పొరుగువాడి కందిచేను

తాండూరు దగ్గర ఒక పల్లె సంఘంలో కోతపండుగ ఆరాధనకు మేము వెళ్లాం. విశ్వాసులు తమ పంటలోని మొదటి భాగాన్ని తెచ్చి బల్ల ముందు పెడుతున్నారు. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, వాటి మధ్య కందుల మూటలు. ఒక పెద్దాయన తన మూట దించి, చేతులు జోడించి ప్రార్థించాడు. పంట ఇచ్చిన దేవుడే ధర కూడా ఇవ్వాలని, బయటి దేశాల కందులు రాకుండా ఆపాలని వేడుకున్నాడు. అందరితో పాటు మేమూ 'ఆమేన్' అన్నాం.

తిరుగు ప్రయాణంలో రైలెక్కాక ఒక సంగతి మనసును పట్టుకుంది. ఆఫ్రికాలోని మొజాంబిక్‌లోనో, మలావీలోనో కూడా ఇలాంటి ఒక చిన్న గుడి ఉంటుంది. అక్కడా ఒక రైతు తన కందుల మూట దించి, ఈ ఏడు ఇండియా వాళ్లు మా పంట కొనాలి తండ్రీ అని ప్రార్థిస్తాడు. అక్కడివారూ 'ఆమేన్' అంటారు. మరి దేవుడు ఎవరి ప్రార్థన ఆలకించాలి?

తాండూరు కంది సామాన్యమైన పంట కాదు. ఇక్కడి నాపరాళ్లు ఎంత పేరుగాంచినవో, ఆ సున్నపురాతి నేలల మీది నల్లరేగడిలో పండే కందీ అంత పేరుగాంచింది. 2022 డిసెంబరులో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పేరున ఆ దరఖాస్తు వెళ్లింది. ఈ కందిలో 22 నుంచి 24 శాతం మాంసకృత్తులు ఉంటాయి. అంటే బియ్యం కంటే ఇంచుమించు మూడింతలు, గోధుమల కంటే ఇంచుమించు రెండింతలు. మాంసం కొనలేని ఇంట్లో పిల్లల ఒంటికి బలమిచ్చేది పప్పుచారే కదా! పైగా కంది వేర్లు నేల లోతుకు దిగి తడిని వెతుక్కుంటాయి. గాలిలోని నత్రజనిని మట్టికి చేరుస్తాయి. ఆరోగ్యమూ, నేల క్షేమమూ రెండూ ఒకే గింజలో ఉన్నాయి.

ఈ గింజ వెనుక ఎన్ని దేశాల చేతులున్నాయో మనలో చాలామందికి తెలియదు. తాండూరుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ సంస్థ ఏర్పడింది. వాననే నమ్ముకున్న మెట్ట రైతుల పంటల మీద పరిశోధన దాని పని. కందికి రెండు పెద్ద శత్రువులు. ఒకటి ఎండు తెగులు. మట్టిలో దాగిన బూజు మొక్కను నిలువునా ఎండబెడుతుంది. రెండోది వెర్రి తెగులు. మొక్క పచ్చగా గుబురుగానే ఉంటుంది గాని పూయదు, కాయదు. రెండింటినీ తట్టుకునే 'ఆశ' అనే రకం ఇక్రిశాట్ నుంచి 1993లో విడుదలైంది. పేరు ఎంత చక్కగా కుదిరింది! 2011లో కంది జన్యుపటాన్ని ఆవిష్కరించినప్పుడు శాస్త్రవేత్తలు ఎంచుకున్నది కూడా ఈ 'ఆశ'నే. ఆ పనిలో మన దేశంతో పాటు చైనా, అమెరికా శాస్త్రవేత్తలూ చేయి కలిపారు.

అదే ఇక్రిశాట్, ఎండు తెగులును తట్టుకునే రకాలను మలావీ, టాంజానియా రైతులకూ అందించింది. ఇది ఎవరికో చేసిన దానం కాదు. ఏ దేశం నుంచి వచ్చిన విత్తనంలో ఏ తెగులుకు విరుగుడు దాగి ఉందో ఎవరు చెప్పగలరు? అందుకే పటాన్‌చెరు విత్తన నిధిలో అనేక దేశాల నుంచి సేకరించిన 1,20,000కు పైగా విత్తన నమూనాలను చల్లటి గదుల్లో దాచారు. వాటిలో కంది నమూనాలే 13,000కు పైగా ఉన్నాయి.

ఈ సంగతి వింటే మనకు యోసేపు గుర్తుకొస్తాడు. ఏడు సమృద్ధి సంవత్సరాల్లో అతడు ఐగుప్తు కొట్లను నింపాడు. కరవు వచ్చాక ఆ కొట్ల తలుపులు ఐగుప్తు వారికే కాదు, పొరుగు దేశాల వారికీ తెరిచాడు. తనను గోతిలో పడేసి అమ్మేసిన అన్నలకు కూడా ధాన్యం దొరికింది.

ఇలాంటి కొట్టు మన కాలంలోనూ ఒకటుంది. ఉత్తర ధ్రువానికి చేరువలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, కొండను తొలిచి ప్రపంచ విత్తన ఖజానా కట్టారు. 2008 ఫిబ్రవరిలో అది మొదలైంది. పటాన్‌చెరు విత్తనాల నకళ్లు అక్కడ భద్రంగా ఉన్నాయి. అమెరికా విత్తనాలూ, ఉత్తర కొరియా విత్తనాలూ ఒకే కొండ కింద నిద్రిస్తున్నాయి! సిరియాలో యుద్ధం ముదిరి అలెప్పో దగ్గరి విత్తన కేంద్రం అందుబాటులో లేకుండా పోయినప్పుడు, ఆ శాస్త్రవేత్తలు 2015లో స్వాల్‌బార్డ్ నుంచి తమ విత్తనాలను వెనక్కి తీసుకున్నారు. లెబనాన్, మొరాకో దేశాల్లో విత్తి, పంట తీసి, 2017లో కొన్నింటిని మళ్లీ ఖజానాకు అప్పగించారు. యుద్ధం పాడుచేసినదాన్ని సహకారం తిరిగి మొలిపించింది.

అయితే విత్తనం దగ్గర కుదిరిన స్నేహం అంగడి దగ్గర చిక్కుల్లో పడుతోంది. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలకు చేరువైంది. పేద ఇంట పప్పు కరవైంది. 2016 జూలైలో మన దేశం మొజాంబిక్‌తో పప్పుల కొనుగోలు ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాదినే ఐక్యరాజ్యసమితి పప్పుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ధర చూసి మన రైతులూ విరివిగా కంది వేశారు. వానలు కలిసొచ్చాయి. దేశంలో పంట దాదాపు రెట్టింపైంది. ఇంకేముంది, క్వింటాలుకు 5,050 రూపాయల మద్దతు ధర ఉన్నా మార్కెట్ యార్డుల్లో అంతకంటే తక్కువకే అమ్ముకోవలసి వచ్చింది. 2017 ఆగస్టులో ప్రభుత్వం దిగుమతులకు పరిమితి పెట్టింది. అప్పటికే మన దేశాన్ని నమ్మి కంది వేసిన ఆఫ్రికా రైతుల గడపల్లో ధర కుప్పకూలింది. ఒకే గింజ, రెండు ఖండాల్లో కన్నీళ్లు!

మరి తప్పెవరిది? తాండూరు రైతుదా? మొజాంబిక్ రైతుదా? ఇద్దరూ వాననే నమ్ముకున్నవారు, ఇద్దరూ అప్పు తెచ్చి విత్తినవారు. నా పొరుగువాడు ఎవరని ధర్మశాస్త్ర పండితుడు అడిగినప్పుడు, యేసు సరిహద్దు అవతలి సమరయుని కథ చెప్పాడు. ఆ జవాబు మన కందిచేనుకూ వర్తిస్తుంది.

పొరుగువాణ్ని ప్రేమించడమంటే మన రైతును నష్టపరచడం కాదు. ఏ దేశం నుంచి ఎంత కొంటారో విత్తనాలు వేయకముందే రైతుకు చెప్పడం. ఇచ్చిన మాటను మధ్యలో మార్చకపోవడం. ఆఫ్రికా కంది మన పంటకు ముందే, సెప్టెంబరు మొదలుకొని నౌకలెక్కుతుంది. మన కంది యార్డుకు వచ్చేసరికి ఆ సరుకు గోదాములు నింపి ఉంటే తాండూరు రైతు నష్టపోతాడు. కాబట్టి మద్దతు ధరకు కొనే కేంద్రాలు సకాలంలో తెరవాలి. ఇవన్నీ మానవమాత్రులు చేయగలిగిన పనులే. 2015లో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పెట్టుకున్నాయి. ఆకలి లేకుండా చేయడం వాటిలో రెండోది, దేశాల భాగస్వామ్యం చివరిది. చివరిది లేకుండా రెండోది నెరవేరదని ఈ గింజే మనకు నేర్పుతోంది.

ఆనాడు మేము అన్న 'ఆమేన్'ను ఇప్పుడు వెనక్కి తీసుకోం. తాండూరు పెద్దాయన మూటకు మంచి ధర రావాలి. ఆ ప్రార్థన న్యాయమైనదే. అయితే వచ్చే కోతపండుగలో దానికి ఇంకో మాట చేర్చాలని అనుకుంటున్నాం: సముద్రం అవతల కందిచేను గట్టున మోకరించిన మా సోదరుడి మూట కూడా ఖాళీ చేతులతో ఇంటికి పంపవద్దు, ప్రభువా.