కోటికి, లక్ష కోట్లకు మధ్య ఎంత దూరం?

లక్ష సెకన్లంటే ఒక రోజూ మూడుముప్పావు గంటలూ. కోటి సెకన్లంటే 115 రోజుల పైచిలుకు. సంక్రాంతి నాడు లెక్క మొదలుపెడితే మే నెల ఎండల్లో పూర్తవుతుంది. మరి లక్ష కోట్ల సెకన్లు? 31,688 ఏళ్లు! అంత వెనక్కి వెళ్తే, మనిషి ఇంకా విత్తనం నాటడం నేర్చుకోని కాలంలో ఉంటాం. వార్తల్లో మాత్రం కోటీ, లక్ష కోట్లూ ఒకే ఊపిరిలో దొర్లిపోతాయి. అందుకే ఆ దూరం చెవికి తెలియదు.

కంటికి తెలియాలంటే నోట్లు పేర్చి చూడాలి. మన 500 రూపాయల నోటు పొడవు 15 సెంటీమీటర్లు. కోటి రూపాయలకు 20 వేల నోట్లు, అంటే రెండు వందల కట్టలు. వరసగా నేలమీద పరిస్తే సరిగ్గా మూడు కిలోమీటర్లు. తాపీగా నడిచినా ముప్పావుగంటలో ఆ చివరికి చేరతాం. లక్ష కోట్లకైతే ఆ వరస 3 లక్షల కిలోమీటర్లు; వెలుగు ఒక సెకనులో పోయేంత దూరం. 2025-26కి ఆంధ్రప్రదేశ్ బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. ఆ నోట్ల వరస చందమామను తాకి, తిరిగొచ్చి, మళ్లీ సగం దారి పైకి పోతుంది. అదే ఏడాది కేంద్ర బడ్జెట్ 50.65 లక్షల కోట్లు. దానితో దాదాపు ఇరవైసార్లు వెళ్లిరావచ్చు.

ఇన్ని లెక్కల్లోనూ నాకు బాగా పనికొచ్చేది మాత్రం భాగహారం. కేంద్ర బడ్జెట్‌ను దేశ జనాభాతో భాగిస్తే తలకు ఏడాదికి సుమారు 35 వేలు. అప్పుడది ఇంటిఖర్చు పక్కన పెట్టి చూసుకోగల అంకె అవుతుంది. పెద్ద మొత్తం ప్రకటించిన ప్రతిసారీ పత్రికలు పక్కనే ఈ ఒక్క అంకె కూడా వేస్తే ఎంత బాగుంటుందో!

ఇక నోటు మీద వేసే అంకె సంగతి. మన దేశంలో అచ్చయిన అతిపెద్ద నోటు 10,000 రూపాయలది. 1938లో వచ్చింది, 1946లో రద్దయింది, 1954లో మళ్లీ వచ్చి 1978లో వెళ్లిపోయింది. జింబాబ్వే 2009 జనవరిలో తెచ్చిన నోటు విలువ 100 ట్రిలియన్ డాలర్లు. మన మాటల్లో కోటి కోట్లు. 2015లో వెనక్కి తీసుకునేటప్పుడు ఆ నోటుకు దక్కింది 40 అమెరికన్ సెంట్లు.

కోటి దాటాక మనకు మాటలు లేవనుకోవద్దు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు ఏకం నుంచి మహాక్షోభం దాకా 24 స్థానాలకు పేర్లిచ్చాడు. ఆయన గణితాన్నే మన పావులూరి మల్లన తెలుగు చేశాడు. ఆ లెక్కన జింబాబ్వే నోటు ఒక ‘పద్మం’.

‘క్షితి’ దాకా పోయిన నోటూ ఒకటుంది: ఒకటి పక్కన 20 సున్నాలు. అది హంగరీది. 1946 జులైలో అక్కడ ధరలు సుమారు పదిహేను గంటలకొకసారి రెట్టింపయ్యేవి. ఉదయం అందిన కూలి మర్నాటికి సగానికి పైగా కరిగిపోయేది. అప్పటి హంగరీ కరెన్సీ పెంగో. లక్ష కోట్ల పెంగోలను ఒక ‘బి-పెంగో’ అని పిలిచి, పది కోట్ల బి-పెంగోల నోటు తెచ్చారు. ఆగస్టు 1న పెంగో స్థానంలో ఫోరింట్ వచ్చింది. ఒక్క ఫోరింట్‌కు నాలుగు పక్కన 29 సున్నాలన్ని పెంగోలు. ఆ రోజుల ఫొటో ఒకటి ఇప్పటికీ కనిపిస్తుంటుంది. అందులో ఒక మనిషి వీధిలో పడివున్న నోట్లను చీపురుతో ఊడుస్తూ ఉంటాడు.