మాటకు బాధ్యులెవరు?

భాషలోని పదాలు ఆ భాష మాట్లాడే ప్రజల అనుభవసారాన్ని తమలో దాచుకొని ఉంటాయని పెద్దలు చెబుతారు. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు భాషలు పక్కపక్క గదులలో వినిపిస్తాయి. కనుక రెండు భాషలకూ చెందిన ఒక పదవిచారంతో ఈ వ్యాసాన్ని ఆరంభించడం ఉచితమని భావిస్తున్నాము.

ఆధారం లేని వార్తను తెలుగులో ‘వదంతి’ అంటాము. ఇది ‘వద్’ అనే సంస్కృత ధాతువు నుండి వచ్చింది. సంస్కృతంలో ‘వదంతి’ అనే క్రియకు ‘చెప్పుచున్నారు’ అని అర్థం. ఎవరు చెప్పుచున్నారు? ఆ ప్రశ్నకు పదంలో సమాధానం లేదు. ఉర్దూలో ఇదే భావానికి ‘అఫ్వాహ్’ అనే మాట ఉన్నది. అరబ్బీలో అది నోటిని తెలిపే పదానికి బహువచనం, అనగా ‘నోళ్లు’. అక్కడ నోళ్లున్నాయి గాని ముఖాలు లేవు. ఇక మనం నిత్యం వాడే ‘పుకారు’ ఉర్దూ నుండి తెలుగులోకి వచ్చిన మాట. ఉర్దూలో ‘పుకార్’ అంటే పిలుపు, కేక. పిలుపు ఉన్నచోట పిలిచినవాడుంటాడు. ఆ మాట తెలుగులోకి వచ్చి పుకారుగా మారేసరికి పిలిచినవాడు మాయమైనాడు, కేక మాత్రం మిగిలింది.

వదంతి స్వరూపాన్ని ఈ మూడు పదాలూ ఒకే తీరున చెబుతున్నాయి. అది కర్త లేని వాక్యం. అబద్ధమాడినవానిని పట్టి నిలదీయవచ్చును. ‘అంటున్నారు’ అనే మాటను ఎవరు నిలదీయగలరు? నేటి సాంకేతిక విజ్ఞానం ఈ కర్త లేని వాక్యానికి రెక్కలు తొడిగింది. దానివల్ల మన నిత్యజీవితంలో మాటకున్న విలువ ఏమవుతున్నదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వం వార్త దూరం పోవాలంటే ఎవరో ఒకరు మూల్యం చెల్లించవలసి వచ్చేది. ఉత్తరానికి సంతకం ఉండేది. టెలిగ్రాముకు మాటల లెక్కన సొమ్ము కట్టవలసి ఉండేది. అందుచేత పంపేవాడు ఏ మాట అవసరమో, ఏది అనవసరమో తూచి చూచుకొనేవాడు. ఆ తంతి సేవ మన దేశంలో 2013 జూలైలో ముగిసిపోయింది. వార్తాపత్రికకు సంపాదకుడుండేవాడు, అతని పేరు చివరి పుటలో అచ్చయ్యేది. చెన్నైలో 1927లో స్థాపితమైన ‘ముసల్మాన్’ అనే ఉర్దూ దినపత్రికను దశాబ్దాల తరబడి కాతిబులు కలంతో వ్రాసేవారు. ప్రతి అక్షరాన్నీ చేతితో దిద్దవలసి వచ్చినప్పుడు, ఏది వ్రాయదగినదో ఆలోచించే వ్యవధి దానంతట అదే దొరికేది.

ఆ కాలంలో వదంతులు లేవని మా అభిప్రాయం కాదు. టెలిగ్రాములలోనూ అబద్ధాలు ప్రయాణించాయి, పత్రికలలోనూ అచ్చయ్యాయి. అయితే ప్రతి మజిలీలోనూ ఒక మనిషి నిలబడి ఉండేవాడు. అడిగితే బదులు చెప్పవలసినవాడు అతడు. నేడు చేతిలోని ఫోనులో ఒక గుర్తుపై వేలు ఆనిస్తే చాలు, వార్త మరొక వంద ఇండ్లకు చేరుతుంది. సొమ్ము ఖర్చు లేదు, శ్రమ లేదు, సంతకం లేదు. పంపినవానిని అడిగితే ‘నాకు వచ్చింది, నేను పంపాను’ అంటాడు. అతనికి పంపినవాని సమాధానమూ అదే.

దీని పర్యవసానం ఎంత ఘోరంగా ఉంటుందో 2018వ సంవత్సరం మనకు చూపింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే సందేశాలు ఆ ఏడు వాట్సాప్ ద్వారా అనేక రాష్ట్రాలలో వ్యాపించాయి. వాటితోపాటు ఒక వీడియో తిరిగింది. మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొంటున్న బాలుని ఎత్తుకొని పోతారు. చూచినవారి గుండె ఆగినంత పని అయింది. నిజానికి అది పాకిస్తానులోని కరాచీలో పిల్లల భద్రత గురించి ప్రజలను హెచ్చరించడానికి తీసిన ప్రచారచిత్రం. చివర వారు బాలుని తిరిగి దించి, హెచ్చరిక వాక్యాన్ని చూపుతారు. ఎవరో ఆ చివరి భాగాన్ని కత్తిరించారు. పిల్లలను రక్షించడానికి తీసిన చిత్రమే నిరపరాధులను బలిగొన్నది.

ఆ సంవత్సరం మే నెలలో హైదరాబాదు పాతబస్తీలోని చాంద్రాయణగుట్ట వద్ద, రంజాను మాసంలో భిక్షాటనకు వచ్చిన ఒక హిజ్రాను పిల్లల దొంగ అనే అనుమానంతో గుంపు కొట్టి చంపింది. జూలై మొదటి రోజున మహారాష్ట్రలోని ధూళే జిల్లా రైన్‌పాడా గ్రామంలో ఐదుగురు సంచారులు ఇదే అనుమానానికి బలియైనారు. అదే నెలలో హైదరాబాదుకు చెందిన ఒక యువ ఇంజనీరు, మిత్రులతో కలిసి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లి ఇట్లే ప్రాణం కోల్పోయినాడు. వారిలో ఒకరు దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచడమే అందుకు కారణమైంది. అనుమానించిన గుంపు నుండి తప్పించుకొని వారి కారు ముందుకు సాగింది. కాని కారుకంటె ముందే వారిని గురించిన సందేశం తరువాతి గ్రామానికి చేరింది, అక్కడివారు దారికి అడ్డు కట్టారు.

ఈ ఘటనలను పక్కపక్కన పెట్టి చూడవలసిందిగా చదువరులను కోరుతున్నాము. మే నెలలో మన నగరపు వీధిలో గుంపు మనది, బలియైనది పరాయి మనిషి. జూలైలో పరాయి ఊరి గుంపు, బలియైనది మన నగరపు బిడ్డ. వదంతికి మతం లేదు, ప్రాంతం లేదు. దానికి కావలసినదల్లా ఒక అపరిచితుడు. నేడు మనకు అపరిచితుడైనవాడు రేపు మనలను అపరిచితులుగా చూడగలడు.

కొవిడ్ కాలంలోనూ ఇదే జరిగింది. 2020లో పాత వీడియోలను, సంబంధం లేని వీడియోలను కొత్తవిగా చూపి, పండ్లు, కూరగాయలు అమ్మే ముస్లిం వర్తకులపై అనుమానం రేకెత్తించారు. అనేకచోట్ల నిరుపేదల తోపుడుబండ్లను వీధులలోకి రానీయలేదు. మరుసటి ఏడు టీకా వేసుకొంటే సంతానం కలుగదనే వదంతి అన్ని మతాలవారి ఇండ్లకూ చేరింది, మన మొహల్లాలలోనూ తిరిగింది. అది నిరాధారమని కేంద్ర ఆరోగ్యశాఖ ప్రకటించవలసి వచ్చింది. మనపై వచ్చిన వదంతికి బాధపడి, మనకు నచ్చిన వదంతిని నమ్మడం న్యాయం కాదు.

వదంతి ఇంత వేగంగా ఎట్లా పోతుందో కొంచెం లెక్కతో చూద్దాం. ఒక సందేశం ఒకరి నుండి ఐదుగురికి, ఆ ఐదుగురిలో ప్రతి ఒక్కరి నుండి మరొక ఐదుగురికి పోతున్నదనుకొందాం. రెండవ మెట్టులో 25 మంది, మూడవ మెట్టులో 125 మంది, పదవ మెట్టులో 97,65,625 మంది అవుతారు. వాస్తవంలో ఒకే సందేశం ఒకరికే పలుమార్లు చేరుతుంది కనుక లెక్క ఇంత సూటిగా ఉండదు. కాని తత్త్వం ఇదే. ఇప్పుడు ప్రతి ఐదుగురిలో ఒక్కరు మాత్రం ‘నేను పంపను’ అని ఊరకున్నారనుకొందాం. పదవ మెట్టులోని సంఖ్య 13,10,720కు దిగుతుంది. ఇద్దరు ఊరకున్నారా, అది 98,415 మాత్రమే. తొంబైఏడు లక్షలకు పైబడిన సంఖ్య లక్ష లోపునకు పడిపోయింది. ‘నా ఒక్కని వల్ల ఏమవుతుంది’ అనేవారికి గణితశాస్త్రం చెప్పే సమాధానం ఇది.

వాట్సాప్ సంస్థ కూడా ఈ లెక్కనే ఆశ్రయించింది. అందులోని సందేశాలు పంపినవారికీ అందుకొన్నవారికీ తప్ప సంస్థకు సైతం కనిపించని రహస్యలిపిలో పోతాయి. ఇది మన ఏకాంతానికి రక్ష, అందులో సందేహం లేదు. అయితే మధ్యలో తప్పును దిద్దే సంపాదకుడెవడూ ఉండడని కూడా దాని అర్థం. అందుచేత సంస్థ 2018 జూలైలో భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపే వీలు లేకుండా చేసింది. 2020 ఏప్రిల్‌లో, పలుమార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపగలిగేటట్లు కట్టడి చేసింది. అటువంటి సందేశాల ప్రచారం దీనివల్ల 70 శాతం తగ్గిందని సంస్థ ప్రకటించింది. చిన్న అడ్డంకి, ఒక్క క్షణం ఆలస్యం, అంతటి మార్పు తెచ్చాయి.

యంత్రాన్ని నిందించి మనం తప్పించుకొనే వీలు కూడా లేదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు, నాడు ట్విటర్ అని పిలువబడిన వేదికపై 2006 నుండి 2017 వరకు ప్రచారమైన సుమారు 1,26,000 వార్తలను పరిశీలించి, 2018లో తమ ఫలితాలను ప్రకటించారు. సత్యవార్తకంటె అసత్యవార్త ఇతరులకు పంపబడే అవకాశం 70 శాతం ఎక్కువగా ఉన్నదని, 1,500 మందికి చేరడానికి సత్యానికి అసత్యంకంటె సుమారు ఆరు రెట్ల కాలం పట్టిందని వారు తేల్చారు. ఇందుకు కారణం స్వయంచాలక యంత్రాలు కావు, మనుష్యులే. అబద్ధంలోని కొత్తదనం మనుష్యులను ఆకర్షిస్తున్నది.

‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని మన సామెత. దీనిని అడ్డం పెట్టుకొని వదంతిని సమర్థించేవారున్నారు. నేడు నిప్పు లేకుండానే పొగ పుట్టించే విద్య వచ్చింది. ‘కంటితో చూచాను’ అనేది ఒకప్పుడు తిరుగులేని సాక్ష్యం. 2023 నవంబరులో సినిమా నటి రశ్మికా మందన్న ముఖాన్ని వేరొక స్త్రీ వీడియోకు కృత్రిమ మేధతో అతికించి ప్రచారం చేసినప్పుడు, కన్ను కూడా మోసపోగలదని దేశమంతా గ్రహించింది. కంఠాన్ని అనుకరించడమూ నేడు సాధ్యమే.

అయితే మార్గమేమిటి? మార్గం కొత్తది కాదు. ఇస్లామీయ విద్యాసంప్రదాయంలో హదీసు శాస్త్రవేత్తలు వెయ్యేండ్లకు పూర్వమే ఈ సమస్యను ఎదుర్కొన్నారు. ప్రవక్త పేర ప్రచారంలో ఉన్న మాటలలో ఏది నిజం, ఏది కల్పితం? దీనిని తేల్చడానికి వారు ‘సనద్’ అనే పద్ధతిని పాటించారు. ఈ మాట నాకు ఫలానావాడు చెప్పాడు, అతనికి ఫలానావాడు చెప్పాడు అని చివరివరకు పేర్లతో గొలుసు చూపాలి. గొలుసులోని ప్రతి వ్యక్తి సత్యసంధుడా, అతని జ్ఞాపకశక్తి గట్టిదా, పై వ్యక్తిని అతడు కలిసిన దాఖలా ఉన్నదా అని విచారించేవారు. ఇందుకై వేలాదిమంది జీవితచరిత్రలు వ్రాసిపెట్టారు. ఇమామ్ బుఖారీ (810–870) వంటివారు ఇందుకోసం దేశదేశాలు తిరిగారు. గమనింపవలసిన విషయమేమిటంటే, భక్తిపరుడైనంత మాత్రాన ఎవరి మాటనూ వారు అంగీకరించలేదు. జ్ఞాపకశక్తి బలహీనమైనప్పుడు సజ్జనుని మాటను కూడా పక్కన పెట్టారు. ‘మా పెదనాన్నగారు పంపారు, ఆయన అబద్ధం చెప్పరు’ అనేవారికి ఇందులో గుణపాఠమున్నది. పెదనాన్నగారు సత్యసంధులే. కాని ఆయనకు పంపినవారెవరు?

తెలుగు సంప్రదాయమూ ఇదే చెబుతున్నది. ఎవరు చెప్పినా వినవచ్చునని, విన్నంతనే తొందరపడక నిజానిజాలు విచారించినవాడే నీతిపరుడని బోధించే సుమతీ శతక పద్యాన్ని మన పిల్లలు చిన్ననాడే కంఠస్థం చేస్తారు. వినవద్దని శతకకారుడు అనలేదు. వినడానికీ నమ్మడానికీ నడుమ కొంత ఎడం ఉండాలని అన్నాడు. ఆ ఎడమే వివేకం. నేటి యంత్రం తొలగించినది సరిగా దానినే.

కనుక సందేశం రాగానే మూడు ప్రశ్నలు వేసుకొనడం అలవాటు చేసుకోవాలి. దీనిని మొదట చెప్పినవారెవరు? ఇది ఎప్పటిది, ఎక్కడిది? ఇది నన్ను ఆలోచింపజేస్తున్నదా, లేక భయపెట్టి, కోపం తెప్పించి పరుగెత్తిస్తున్నదా? జవాబు దొరకనప్పుడు ఊరకుండడం పిరికితనం కాదు. 2018లో జోగుళాంబ గద్వాల జిల్లాలో పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి తన సిబ్బందిని గ్రామగ్రామానికి పంపి, పాటలతో, చాటింపుతో ప్రజలకు ఈ సంగతినే వివరింపజేశారు. ఫోనులో ముఖం లేకుండా వచ్చిన మాటకు, ఊరు ఎరిగిన మనిషి ఎదుట నిలిచి చెప్పిన మాట విరుగుడైంది.

అలజడి రేపే అసత్యాలను ప్రచారం చేయడం చట్టరీత్యా కూడా నేరమే. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 353వ సెక్షను కింద ఇందుకు మూడేండ్ల వరకు శిక్ష పడవచ్చును. అయితే చట్టం జరిగినదానికి శిక్ష విధించగలదేగాని, పోయిన ప్రాణాన్ని తిరిగి తేలేదు. ప్రాణం పోకముందు అడ్డుపడగలిగినది మన వేలి చివరనున్న సంయమనం ఒక్కటే.

విద్యార్థులారా! మీ ఇండ్లలో చాలాచోట్ల ఫోను వాడకం పెద్దలకు నేర్పినవారు మీరే. దానితోపాటు ఈ వివేకాన్ని కూడా నేర్పవలసిన బాధ్యత మీపై ఉన్నది. పెద్దలను ఎగతాళి చేయక, పదిమందిలో తప్పు పట్టక, పక్కన కూర్చుండి ‘దీని సంగతి ఒకసారి కనుక్కుందాం’ అని నెమ్మదిగా చెప్పండి. ‘అంటున్నారు’ అనే మాట వినబడినప్పుడల్లా ‘ఎవరు?’ అని అడగండి. మీరు చెప్పే ప్రతి మాటకూ మీ పేరు పెట్టుకొనడానికి సిద్ధపడండి. పేరు పెట్టుకొనడానికి మనసొప్పని మాటను మరొకరి ఇంటికి పంపకండి.