చారెడు చెరువు, దాని అలుగు

మార్కాపురం నుంచి గిద్దలూరు వెళ్లే దారిలో కంభం చెరువు ఉంది. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన చెరువు. తూము, అలుగు అంటే ఏమిటో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పాత మోటారుసైకిలు కింద పెట్రోలు ఎందుకు కారుతుందో తెలుసుకోవడానికి ఆ జ్ఞానం చాలు.

బండి మీది ట్యాంకు ఎగువ చెరువు. పైపు కాలువ. గాలిని, పెట్రోలును కలిపే కార్బొరేటర్ అడుగున ఉండే బౌల్ దిగువ కుంట, చారెడు పెట్రోలు పట్టేది. కాలువ కుంటలోకి దిగే చోట సూదిమొన లాంటి నీడిల్ తూము తలుపులా పనిచేస్తుంది. పెట్రోలు మీద తేలే ఫ్లోట్ దానికి కాపలా. మట్టం పెరిగితే ఫ్లోట్ లేచి నీడిల్‌ను మూసేస్తుంది, తగ్గితే దిగి తెరుస్తుంది. తలుపు సరిగా పడకపోతే మిగులు పెట్రోలు ఓవర్‌ఫ్లో పైపు గుండా నేల మీదికి పోతుంది. అదే ఈ కుంటకు అలుగు.

ఈ అమరిక ఒక్కరోజులో పుట్టలేదు. 1885లో డైమ్లర్, మైబాహ్ జర్మనీలో తొలి పెట్రోలు ద్విచక్ర వాహనాన్ని నడిపినప్పుడు, గాలి పెట్రోలును తాకి ఆవిరిని మోసుకెళ్లేది. అలాంటి పద్ధతిలో మిశ్రమం పాళ్లు ఒక తీరున నిలిచేవి కావు. 1893లో బుడాపెస్ట్‌లో బాంకీ, చోంకా సన్నని రంధ్రం గుండా పెట్రోలును చిమ్మించే కార్బొరేటర్‌కు పేటెంటు తీసుకున్నారు. మైబాహ్ కూడా ఆ రోజుల్లోనే అదే దారి పట్టాడు. ఇరుకు గొట్టంలో గాలి వేగం పెరిగితే అక్కడ పీడనం తగ్గుతుంది, ఆ లోటే జెట్ అనే ఆ సన్నని రంధ్రం నుంచి పెట్రోలును పైకి లాగుతుంది. పెట్రోలు పూర్తిగా మండాలంటే దాని బరువుకు 14.7 రెట్ల గాలి కావాలి. బౌల్‌లో మట్టం నిలకడగా ఉంటేనే ఆ లెక్క నిలుస్తుంది.

1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్, 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, ఆర్‌ఎక్స్ 100 అన్నీ ఈ చారెడు కుంట మీదే పరుగెత్తాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలుకు రావడంతో చాలా కొత్త బండ్లలో దాని స్థానాన్ని ఇంజెక్టర్ తీసుకుంది. పాత బండ్లకు మాత్రం ఇప్పటికీ అదే ఆధారం.

పెట్రోలు కారుతుంటే ముందు ఇంజను ఆపి ట్యాపు కట్టాలి. బండిని ఆరుబయటకు తెచ్చి, ఇంజను చల్లారనివ్వాలి. బీడీ, అగ్గి దరిదాపుల్లో ఉండకూడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల వెంట పాకుతుంది, చిన్న నిప్పురవ్వ చాలు. తర్వాత అన్నీ గుడ్డతో పొడిగా తుడిచి, ట్యాపు తిప్పి చూస్తే తడి మొదట ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ట్యాపు దగ్గరైతే వాషర్, పైపు కొసలోనైతే చీలిక, బౌల్ అంచునైతే ప్యాకింగ్. ఓవర్‌ఫ్లో పైపు నుంచైతే తూము దగ్గరే తప్పు.

బౌల్ విప్పితే తరచూ కనిపించేది మట్టి. ఎండకు, దుమ్ముకు, పలకల రాతి పొడికి పేరుపడ్డ ఈ నేలలో ట్యాంకు మూత రబ్బరు వదులైతే ఆ మట్టి లోపలికి దిగుతుంది. నీడిల్ మొన మీద గాడిలా గీత పడితే దాన్ని మార్చాలి. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపినప్పుడు లోపల పెట్రోలు చప్పుడైతే అది ఇక తేలదు. నీడిల్ కూర్చునే చోటును మెత్తని గుడ్డతోనే తుడవాలి, తీగతో గీకకూడదు. ఇప్పటి పెట్రోలులో కలిసే ఎథనాల్‌ను తట్టుకునేలా పాత రబ్బరు భాగాలు తయారు కాలేదు, అందుకే వాటిని ముందుగా చూడటం మేలు.

ఒక్క పని మాత్రం ఎవరూ చేయకూడదు. కారుతోందని ఓవర్‌ఫ్లో పైపును బిరడాతో మూయకూడదు. అలుగు కప్పేస్తే నీళ్లు కట్ట మీదికి వస్తాయి. ఇక్కడ కట్ట ఇంజనే. పెట్రోలు సిలిండరులోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి దిగి, ఆయిల్‌ను పలచన చేసి ఇంజనును అరిగిస్తుంది. నంద్యాల ఘాట్ మీద, నల్లమల మధ్య ఆ సంగతి బయటపడితే చుట్టూ అడవే. అలుగు పారుతుందంటే తూము వైపు చూడమని చెరువు చెబుతోందన్నమాట.